పాతికేళ్ళ సెలవులను ముందే కొనుక్కోవాలా?

హైదరాబాదులో పెట్రోలు బంకు దగ్గరో, షాపింగ్ మాల్ గుమ్మంలోనో ఒక యువకుడు చిరునవ్వుతో ఒక చీటీ అందిస్తాడు. పేరు, ఫోను నంబరు, ఉద్యోగం, నెలసరి ఆదాయం, వివాహం అయిందా లేదా అన్న ప్రశ్నలు అందులో ఉంటాయి. నల్గొండ నుండి ఆసుపత్రి పనిమీద వచ్చినవారు, మహబూబ్‌నగర్ నుండి పెళ్ళి బట్టలకు వచ్చినవారు దానిని నింపి ఇచ్చి మరచిపోతారు. వారం తిరగక ముందే ఫోను వస్తుంది. లక్కీ డ్రాలో మీ పేరు వచ్చింది, మూడు రోజులు రెండు రాత్రుల విడిది ఉచితం, భార్యాభర్తలిద్దరూ కలిసి ఆదివారం ఫలానా హోటలుకు వచ్చి గంటన్నర కూర్చుంటే చాలు అని. భార్యాభర్తలిద్దరూ రావాలన్న షరతును గమనించండి. ఒకరే వస్తే ‘ఇంట్లో అడిగి చెబుతాను’ అని లేచి వెళ్ళే వీలుంటుంది. ఆ వీలు లేకుండా చేయడమే ఆ షరతు ఉద్దేశం.

అక్కడ గోడల నిండా బొమ్మలుంటాయి. ఊటీ పొగమంచు, గోవా సముద్రతీరం, పచ్చని తివాచీ పరిచినట్లున్న గోల్ఫ్ మైదానం, దాని అంచున తెల్లని భవనం. ఏటా ఏడు రాత్రుల చొప్పున ఇరవై ఐదేళ్ళ పాటు ఇలాంటి విడుదులలో గడిపే హక్కును ఈ రోజే కొనుక్కోండి, రేపటికి ఈ ధర ఉండదు అంటారు. గంటన్నర కాస్తా మూడు గంటలవుతుంది. పిల్లలు ఆకలికి మారాం చేస్తారు. మొదట వచ్చిన అబ్బాయి పక్కకు తప్పుకుని మేనేజరు వస్తాడు, ధర కొంత తగ్గిస్తాడు, క్రెడిట్ కార్డు అడుగుతాడు.

టైమ్‌షేర్ అని పిలిచే ఈ ఒప్పందం మన జిల్లాల ఉపాధ్యాయులు, చిన్న వ్యాపారులు, గల్ఫ్ నుండి తిరిగి వచ్చిన కుటుంబాల వరకూ చేరింది. లక్షల రూపాయల వ్యవహారం కనుక దీనిని మూడు కోణాల నుండి పరిశీలించడం అవసరం. లెక్క ఏమంటున్నది? షరీఅత్ ఏమంటున్నది? ఇది లేకుండానే మన ఇంటిల్లిపాదీ హాయిగా నాలుగు రోజులు గడిపి రావడం ఎలా?

ముందుగా ఒక అపోహ తొలగాలి. కుటుంబంతో విహారానికి వెళ్ళడం దుబారా అని కొందరు పెద్దలు ముఖం చిట్లిస్తారు. ప్రయాణంలో ఉండగా దైవప్రవక్త ముహమ్మద్ (స) తన సతీమణి హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం ఆడిన ఉదంతం హదీసు గ్రంథాలలో ఉన్నది. ఇంటి ఆడవారికి ఏడాది పొడవునా వంటగదే లోకమైన ఇళ్ళలో నాలుగు రోజుల మార్పు వారి హక్కు అనే నేను అంటాను. ఇక్కడ చర్చ ఆ మార్పుకు ఎంత ధర చెల్లించాలన్నదే.

ఈ పద్ధతి పుట్టింది ఐరోపాలో. 1960లలో ఆల్ప్స్ పర్వతాల విడుదులలో ఈ ఆలోచన రూపుదిద్దుకున్నది. 1963లో స్విట్జర్లాండులో హాపిమాగ్ అనే సంస్థ వెలసింది. ఒక కుటుంబానికి కొండమీద సొంత ఇల్లు కొనే స్తోమత లేదు, కొన్నా సంవత్సరంలో యాభై వారాలు అది తాళం వేసే ఉంటుంది. అందుచేత ఒకే ఇంటిని యాభై కుటుంబాలు వారానికొకరు చొప్పున పంచుకుంటే సరిపోతుందన్నది మూల సూత్రం. అందులో తప్పు పట్టవలసినదేమీ లేదు. ఈ ఆలోచన అమెరికా చేరి ఫ్లోరిడాలో వేళ్ళూనుకున్నది. ఒక చోటి వారాన్ని మరొక చోటి వారంతో మార్చుకునేందుకు 1974లో ఆర్‌సీఐ అనే సంస్థ ఏర్పడింది. మన దేశంలో 1986లో స్టెర్లింగ్, 1996లో మహీంద్రా హాలిడేస్ సంస్థలు ఈ రంగంలోకి వచ్చాయి. అమెరికాలో చాలా చోట్ల వారం వాటా అంటే దస్తావేజుతో కూడిన ఆస్తి. మన దగ్గర సాధారణంగా అమ్మేది అది కాదు. ఇక్కడ కొనేది నిర్ణీత కాలం పాటు విడిదిని వాడుకునే సభ్యత్వం మాత్రమే. గోడ కానీ, గజం నేల కానీ మన పేరుకు రాదు. గడువు ముగిసిన నాడు చేతిలో ఏమీ మిగలదు. ‘పిల్లలకు ఆస్తి ఇచ్చినట్లే’ అని అమ్మకందారు అన్నప్పుడు ఈ సంగతి గుర్తుండాలి.

ఇక లెక్క. కంపెనీని, గదిని, ఋతువును బట్టి ధరలు మారుతాయి కనుక ఉదాహరణకు కొన్ని అంకెలు అనుకుందాం. సభ్యత్వ రుసుము 4 లక్షలు. దీనితోపాటు ఏటా కట్టవలసిన వార్షిక చందా ఒకటి ఉంటుంది. బొమ్మల మధ్య దాని ప్రస్తావన చిన్న అక్షరాలలోనే కనిపిస్తుంది. అది మొదటి ఏడు 20,000 అనీ, ఏటా నూటికి 5 చొప్పున పెరుగుతుందనీ అనుకుంటే, 25 ఏళ్ళలో కట్టే చందా మొత్తం 9 లక్షల 54 వేలు దాటుతుంది. అసలు సభ్యత్వం కన్నా రెట్టింపుకు మించి! రెండూ కలిపితే సుమారు 13 లక్షల 54 వేలు. ఏటా తప్పక వెళ్ళి ఏడు రాత్రులూ ఉన్నా మొత్తం 175 రాత్రులు, అంటే రాత్రికి 7,740 రూపాయలు. రైలు ఛార్జీలు, భోజనం వేరు. పెళ్ళిళ్ళు, పరీక్షలు, పెద్దల అనారోగ్యం, రమజాన్ ఇవన్నీ పోను పాతికేళ్ళలో పన్నెండేళ్ళు మాత్రమే వెళ్ళగలిగితే రాత్రి ధర 16 వేలు దాటిపోతుంది. వెళ్ళినా వెళ్ళకున్నా చందా కట్టవలసిందే.

నిష్పక్షపాతంగా ఎదుటి వాదన కూడా చూడాలి. పాతికేళ్ళలో హోటలు ధరలు కూడా పెరుగుతాయి కదా అని కంపెనీవారు అంటారు. నిజమే. నేడు 3,000 రూపాయలున్న గది కూడా ఏటా నూటికి 5 చొప్పునే పెరుగుతుందని అనుకుందాం. ఏటా ఏడు రాత్రులు అలాంటి గదిలో ఉంటే 25 ఏళ్ళకు అయ్యే ఖర్చు సుమారు 10 లక్షలు. మన ఉదాహరణలోని సభ్యత్వం కంటే మూడున్నర లక్షలు తక్కువ, పైగా ముందుగా ఒక్క రూపాయి కూడా కట్టనవసరం లేదు. నేటి ధరలో రాత్రికి 4,050 రూపాయల గది దగ్గర రెండు లెక్కలూ సమానమవుతాయి. దానికి మించి, ఏటా ఏడు రాత్రులూ ఎనిమిది వేల గదులలో గడిపే అలవాటున్న కుటుంబానికి టైమ్‌షేర్ లాభమే. అలాంటి కుటుంబాలు నల్గొండ, మహబూబ్‌నగర్ పట్టణాలలో ఎన్ని ఉన్నాయో పాఠకులకే తెలుసు. మనలో చాలామంది ఏటా ఏడు రాత్రులు ఎక్కడికీ వెళ్ళరు. వెళ్ళినా బంధువుల ఇళ్ళకే వెళతారు.

మరో రెండు చిక్కులున్నాయి. సభ్యత్వాలను ఋతువుల ప్రకారం రంగులుగా విభజిస్తారు. వేసవి సెలవులు, పండుగ వారాలు అత్యంత ఖరీదైన రంగులో పడతాయి. చవక రంగు కొన్నవారికి బడులు నడిచే రోజులలోనే గదులు దొరుకుతాయి. బడి పిల్లలున్న ఇంటికి అది ఏ మేరకు ఉపయోగమో చెప్పనక్కరలేదు. ఇక తిరిగి అమ్మడం. అమెరికాలో ఒకప్పుడు వేల డాలర్లు పెట్టి కొన్న వారం వాటాలను వార్షిక రుసుము భరించలేక ఒక్క డాలరుకే ఇంటర్నెట్‌లో అమ్మకానికి పెట్టినవారున్నారు. ఏటా చెల్లింపు తోకగా ఉన్న వస్తువును ఉచితంగా ఇచ్చినా పుచ్చుకునేవారు అరుదు.

షరీఅత్ కోణం ఇంకా ముఖ్యమైనది. ఒకే ఇంటిని ఇద్దరు వంతులవారీగా వాడుకోవడం ఇస్లామీయ ధర్మశాస్త్రానికి కొత్త కాదు. ఉమ్మడి ఇంట్లో ఒకరు ఒక నెల, మరొకరు మరో నెల ఉండేలా చేసుకునే ఏర్పాటును ఫుఖహాలు ‘ముహాయాత్’ అన్నారు. హనఫీ గ్రంథాలలో దీనికి ప్రత్యేక చర్చే ఉన్నది. దీనికి ఆధారంగా వారు హజ్రత్ సాలిహ్ (అలైహిస్సలాం) ఒంటె ఉదంతాన్ని చూపుతారు. నీరు తాగేందుకు ఒక రోజు ఆ ఒంటె వంతు, ఒక రోజు సమూద్ జాతి పశువుల వంతు అని దివ్యఖుర్ఆన్‌లోని అష్షుఅరా సూరాలో ఉన్నది. ఆధునిక టైమ్‌షేర్ ఒప్పందాలను అంతర్జాతీయ ఇస్లామీయ ఫిఖ్హ్ అకాడమీ 2007 జులైలో మలేషియాలోని పుత్రజాయలో జరిగిన తన 18వ సమావేశంలో పరిశీలించింది. కొనుగోలు గాని, అద్దె గాని, షరీఅత్ నియమాలకు లోబడి ఉంటే ఇలాంటి ఒప్పందం ధర్మసమ్మతమేనన్నది దాని సారాంశం. అంటే మూలం హరామ్ కాదు. షరతులను చూసి తేల్చవలసిన విషయం.

ఆ షరతుల దగ్గరే మన బజారులోని ఒప్పందాలు తడబడతాయి. మొదటిది వడ్డీ. 4 లక్షలు ఒకేసారి ఇచ్చేవారు తక్కువ కాబట్టి నెలసరి వాయిదాలు చూపుతారు. సాలీనా నూటికి 15 వడ్డీతో 48 నెలలు అనుకుంటే నెలకు సుమారు 11,130 చొప్పున కట్టాలి. వడ్డీయే 1 లక్షా 34 వేలు అవుతుంది. విహారం కోసం వడ్డీ అప్పు! ఇంట్లో గత్యంతరం లేని అవసరమేదో వచ్చిపడినప్పుడు కూడా వడ్డీకి వెనుకాడే కుటుంబం, గోడమీది బొమ్మను చూసి దానిలో అడుగుపెట్టడం నాకు మింగుడు పడదు. ‘వడ్డీ లేని వాయిదాలు’ అన్నచోట కూడా ఆలస్యమైతే వసూలు చేసే జరిమానా ఏ పద్ధతిలో ఉన్నదో చదవాలి.

రెండవది గరర్, అంటే ఒప్పందంలోని అస్పష్టత. అద్దె ఒప్పందం చెల్లాలంటే ఏ వస్తువు, ఎంత కాలం, ఏ ధర అన్నవి ఇరువురికీ తెలిసి ఉండాలి. ‘లభ్యతను బట్టి’ ఏదో ఊళ్ళో, ఏదో గది, ఏదో తేదీన అని రాసి ఉంటే కొన్నదేమిటో కొన్నవారికి తెలియదు. వార్షిక చందా ఎంత పెరుగుతుందో నిర్ణయించే అధికారం పూర్తిగా కంపెనీ చేతిలో ఉంటే ధర కూడా తెలియనట్లే. నిర్దిష్టమైన విడిది, నిర్దిష్టమైన వారం, పెరుగుదలకు రాతపూర్వకమైన హద్దు ఉన్న ఒప్పందం వేరు. సంతకం చేయక ముందే ఆ కాగితాన్ని నమ్మకమైన ముఫ్తీకి, ఒక న్యాయవాదికి చూపించడం మంచిది. ‘కాగితం ఇంటికి ఇవ్వము, ఇక్కడే చదవండి’ అంటే అక్కడితో లేచి రావచ్చు. ‘అజీ, ఇంత తొందరెందుకు? రేపు చూద్దాం’ అని పక్కన కూర్చున్న ఆమె అన్న ఒక్క మాట చాలా ఇళ్ళను కాపాడగలదు.

సంతకం అయిపోయినవారి సంగతి ఏమిటి? చాలా ఒప్పందాలలో కొద్ది రోజులలోపు రద్దు చేసుకునే వెసులుబాటు ఉంటుంది. అమెరికాలోని ఫ్లోరిడాలో చట్టమే 10 రోజులు ఇస్తుంది. ఇక్కడ ఆ గడువు ఒప్పందపు చిన్న అక్షరాలలో వెతకాలి, దొరికిన వెంటనే రాతపూర్వకంగా, రసీదు ఉండేలా పంపాలి. నోటిమాటగా ఇచ్చిన హామీలు నిలబడవు కనుక వచ్చిన సందేశాలు, ఇచ్చిన కరపత్రాలు భద్రపరచాలి. గడువు దాటినా దారి మూసుకుపోదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. కంపెనీ కార్యాలయం ముంబయిలో ఉన్నా నల్గొండవారు నల్గొండ జిల్లా కమిషన్‌కు, పాలమూరువారు మహబూబ్‌నగర్ కమిషన్‌కు వెళ్ళవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫిర్యాదుకు రుసుము లేదు. ఒకే పక్షానికి అనుకూలంగా ఉండే అన్యాయపు ఒప్పందాలను ఈ చట్టం ప్రత్యేకంగా నిర్వచించింది. కారణం ఏర్పడిన నాటి నుండి రెండేళ్ళలోపు వెళ్ళాలన్నది మరువరాదు. సలహాకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉన్నది.

కరపత్రంలోని గోల్ఫ్ మైదానం గురించి రెండు మాటలు. అమెరికాలో ఫ్లోరిడా, దక్షిణ కరోలినా తీరాలలో టైమ్‌షేర్ విడుదులను గోల్ఫ్ మైదానాల పక్కనే కట్టారు. అక్కడ స్థిరపడిన మన పిల్లలు అమ్మీ అబ్బాలను పిలిపించుకుని ఓర్లాండోలో ఒక వారం ఉంచడం ఇప్పుడు వింత కాదు. అక్కడ చవకగా గడపదలచినవారికి ఆటగాళ్ళు చెప్పే కిటుకులు తేలికైనవే. రద్దీ లేని నెలలలో వెళ్ళడం, సభ్యత్వం కొనకుండా ఇతరుల వారాన్ని అద్దెకు తీసుకోవడం, నగరపాలక సంస్థలు నడిపే మైదానాలను ఎంచుకోవడం, ధర తగ్గే మధ్యాహ్నం పొద్దున ఆడడం. ‘ఉచిత’ టికెట్ల కోసం అమ్మకపు సభకు వెళ్ళి కూర్చోవడం మాత్రం వద్దు. ఇక్కడి ఆదివారపు సభే అక్కడ ఆంగ్లంలో జరుగుతుంది.

మన వైపు గోల్ఫ్ చూడాలంటే గోల్కొండకు వెళ్ళాలి. మొఘలుల ముట్టడి తరువాత 17వ శతాబ్దంలో కుతుబ్‌షాహీలు కోటకు చేర్చిన నయా ఖిలాలో ఇప్పుడు 18 గుంతల మైదానం ఉన్నది. ముల్లా ఖయాలీ మసీదు, ‘హాథియాన్ కా ఝాడ్’ అని పిలిచే బ్రహ్మాండమైన బావోబాబ్ వృక్షం ఆ ఆవరణలోనివే. వందల ఏళ్ళ ఆ చెట్టును చూడడానికి బంతుల మైదానం పక్కగా నడిచి వెళ్ళవలసి రావడం మన చరిత్రకు పట్టిన ఒక విచిత్రమైన గతి. ఆట స్వతహాగా నిర్దోషమైనదే. నాలుగైదు గంటలు, ఆరేడు కిలోమీటర్ల నడక. పందేలూ, క్లబ్బుల మద్యమూ దాని చుట్టూ చేరిన తెగుళ్ళు. నాకు కలిగే అభ్యంతరం వేరు. 18 గుంతల మైదానానికి వంద ఎకరాలకు పైగా నేల, ఏడాది పొడవునా తడి కావాలి. తాగే నీటిలోని ఫ్లోరైడుతో తరాలు వంగిపోయిన జిల్లా మనది. నాగపూర్‌లోని నీరి శాస్త్రవేత్తలు పటిక, సున్నంతో ఫ్లోరైడును తొలగించే పద్ధతికి ‘నల్గొండ టెక్నిక్’ అనే పేరే పెట్టారు. ఇక్కడి నేలమీద గోల్ఫ్ పచ్చికను విలాసపు గుర్తుగా చూపితే మనసు ఒప్పదు.

నీరే చూడాలంటే మన ఇంటి పక్కనే సాగర్ ఉన్నది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ రాతి కట్టడపు ఆనకట్టలలో ప్రపంచంలోనే పెద్దవాటిలో ఒకటి. యంత్రాలు తక్కువైన ఆ రోజులలో వేలమంది కూలీలు నెత్తిన మోసి కట్టినది. 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదిలారు. 26 గేట్లు ఎత్తిన రోజులలో ఆ హోరు చూడడానికి రాష్ట్రమంతా కదలివస్తుంది. ఆ రోజులలో గదులు దొరకవు, ఉన్నా ధర కొండెక్కుతుంది. పోటు తగ్గిన అక్టోబరు, నవంబరు నెలలు కుటుంబానికి అనువైనవి. జలాశయం నిండుగా ఉంటుంది, ఎండ తగ్గుతుంది.

నల్గొండ నుండి హాలియా మీదుగా అరవై కిలోమీటర్ల పైచిలుకు. మహబూబ్‌నగర్ నుండి జడ్చర్ల, కల్వకుర్తి, మల్లేపల్లి, హాలియా మీదుగా నూట యాభై దాటుతుంది. 2023 డిసెంబరు 9 నుండి అమలవుతున్న మహాలక్ష్మి పథకం వల్ల రాష్ట్ర మహిళలు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఆధార్ చూపి ఉచితంగా ప్రయాణిస్తున్నారు. దాదీ, అమ్మీ, ఇద్దరు కూతుళ్ళు, ఒక అబ్బాయి ఉన్న ఇంట్లో టికెట్టు కొనవలసినవారు అబ్బా, అబ్బాయి మాత్రమే. టైమ్‌షేర్ కంపెనీ ఏదీ ఇంత రాయితీ ఇవ్వలేదు!

బసకు కొండమీద తెలంగాణ పర్యాటక సంస్థవారి విజయ్ విహార్ ఉన్నది. జలాశయం వైపు తెరుచుకునే గదులు. ముందుగా ఫోను చేసి ఆ వైపు గదే అడగాలి. అదనపు పరుపుకు ఎంత, పిల్లలకు ఎంత అన్నవి అప్పుడే తేల్చుకోవాలి. శని, ఆదివారాల కన్నా వారం మధ్యలో రద్దీ తక్కువ. నాగార్జునకొండకు లాంచీలో వెళ్ళడం పిల్లలకు గుర్తుండిపోయే అనుభవం. నీట మునగనున్న లోయలో 1954 నుండి 1960 వరకు తవ్వకాలు జరిపి, దొరికిన వాటిని కొండమీదకు చేర్చారు. లోయ నిండాక ఆ కొండ దీవి అయింది. చరిత్ర పాఠం చదివే పిల్లలకు దీనికి మించిన తరగతి గది లేదు. అక్కడి మ్యూజియానికి శుక్రవారం సెలవు. అందుకే బుధవారం బయలుదేరి గురువారం దీవిని చూసి రాత్రికి ఇల్లు చేరితే జుమా నమాజు మన మసీదులోనే అందుతుంది. తగినంతమంది ప్రయాణికులు, నీటిమట్టం ఉంటేనే లాంచీ కదులుతుంది కాబట్టి ఉదయమే రేవులో విచారించాలి.

నమాజు విషయంలో ఒక చిన్న మెలిక ఉన్నది. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం ప్రయాణం 48 మైళ్ళు, అంటే సుమారు 77 కిలోమీటర్లు దాటితేనే ఖస్ర్ వర్తిస్తుంది. కాబట్టి సాగర్‌లో నల్గొండవారు జొహర్, అసర్, ఇషా పూర్తిగా నాలుగు రకాతులు చదవాలి. మహబూబ్‌నగర్ నుండి వచ్చినవారు పదిహేను రోజుల లోపు బస కనుక ఫర్జ్ రెండేసి రకాతులు చదువుతారు. రెండు ఊళ్ళ వియ్యాలవారు కలిసి బయలుదేరితే, నల్గొండవారిని ఇమాముగా నిలిపితే అందరూ నాలుగే చదివి గందరగోళం తప్పుతుంది. ఏ రిసార్టులో సభ్యత్వం ఉన్నా, అక్కడ వారం రోజులు ఉండేవారు ముసాఫిరే.

భోజనం కోసం హోటలును పూర్తిగా నమ్ముకోనక్కరలేదు. మొదటి పూటకు పూరీలు, ఖీమా, టమాటా చట్నీ తోషాగా కట్టుకుంటే ఖర్చూ, హలాల్ గురించిన సందేహమూ రెండూ తీరతాయి. దారిలో దేవరకొండ, హాలియా వంటి ఊళ్ళలో మసీదు దగ్గర విచారిస్తే మంచి హోటలు చెబుతారు. సాగర్ చేపల వేపుడు మాత్రం వదలకండి.

పాలమూరు వైపు వారికి ఇంకా దగ్గరి చోట్లున్నాయి. పట్టణానికి నాలుగు కిలోమీటర్లలో, ఏడు వందల ఏళ్ళదని చెప్పే పిల్లలమర్రి. చెదపురుగు పట్టి కొమ్మలు కూలడంతో 2018లో ఆ చెట్టుకు మనిషికి పెట్టినట్లు సెలైన్ సీసాలు వేలాడదీసి మందు ఎక్కించారు. ఊడలకు పైపులు తొడిగి నేలలోకి దింపారు. కొల్లాపూర్ దగ్గర కృష్ణ ఒడ్డున సోమశిల. సాయంత్రం అక్కడ నీటి అంచున కూర్చుంటే తిరిగి రావాలనిపించదు. మన్ననూరు దాటాక నల్లమలలో ఫర్హాబాద్ దృశ్యకేంద్రం ఉన్నది. నిజాం కాలపు వేటల జ్ఞాపకంగా మిగిలిన ఆ పేరుకు ఫార్సీలో ఆనందపు నెలవు అని అర్థం. ఇప్పుడది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. అటవీ శాఖ జీపులు తప్ప సొంత వాహనాలు లోపలికి వెళ్ళవు, వర్షాకాలంలో అడవి లోపలి సందర్శన ఆపుతారు, శ్రీశైలం అడవి దారిని రాత్రి 9 నుండి ఉదయం 6 వరకు మూసివేస్తారు. మగ్రిబ్ లోపు అడవి దాటేలా లెక్క వేసుకోవాలి.

ఈ ఖర్చుకు డబ్బు ఎలా? మన ఇళ్ళలో ఆడవారు నడిపే ‘కమిటీ’ దీనికి చక్కగా సరిపోతుంది. పన్నెండు మంది నెలకు 2,000 చొప్పున వేసి, చీటీ తీసి, ఒక్కొక్కరికి ఒక్కో నెల 24,000 ఇచ్చే పద్ధతిలో వడ్డీ లేదు. వేసిన సొమ్మే తిరిగి వస్తుంది. పాట పెట్టి తగ్గింపు పంచుకునే చిట్టీ మాత్రం వేరు, దాని జోలికి పోరాదు. రాత్రికి 3,000 చొప్పున రెండు గదులు, రెండు రాత్రులు అనుకుంటే 12,000. భోజనాలు, లాంచీ, ప్రవేశ రుసుములు, ఇద్దరి బస్సు టికెట్లు కలిపినా ఆ 24,000 దాటనవసరం లేదు. కమిటీ ఎత్తిన నెల బడి సెలవులతో కలిసేలా తోటి సభ్యురాలితో వంతు మార్చుకోవచ్చు. ముహాయాత్ ఇక్కడా పనికి వస్తుంది.

ఒక ఏడు సాగర్, మరో ఏడు సోమశిల, పిల్లలు కాస్త పెద్దయ్యాక నల్లమల. ఏ ఏడైనా ఇంట్లో పెళ్ళి పడితే ప్రయాణం వాయిదా వేసుకోవచ్చు, ఆ ఏటికి చందా నోటీసు మాత్రం రాదు. గదులకు వేసవిలో నెల ముందు, దసరా సెలవులకు ఇంకా ముందు ఫోను చేయడం మేలు.